టెడ్ థాంప్సన్ ఎంచుకున్నవాళ్లు, పోనిచ్చినవాళ్లు

గ్రీన్ బే ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు 2005 నుంచి 2017 సీజను ముగిసేదాకా, ఆటగాళ్ల ఎంపిక చూసే జనరల్ మేనేజరుగా ఉన్న టెడ్ థాంప్సన్, 2021 జనవరి 20న టెక్సస్ రాష్ట్రంలో తాను పెరిగిన అట్లాంటా అనే చిన్న ఊళ్లో కన్నుమూశారు. 68 ఏళ్లు నిండి అప్పటికి మూడు రోజులే. వాషింగ్టన్‌లో కొత్త అధ్యక్షుడి ప్రమాణస్వీకారం జరిగిన రోజు కావడంతో ఆ వార్త జట్టు సొంత రాష్ట్రం విస్కాన్సిన్ దాటి పెద్దగా వినపడలేదు. ఆయన తీరుకు అదే తగిందనుకోవాలి. విలేకరుల ముందు కూర్చోవడమంటే ఆయనకు ఎంత ఇబ్బందో ఆ సమావేశాలు చూసినవాళ్లందరికీ తెలుసు. మర్యాదకు లోటు రానివ్వకుండా, అసలు విషయం బయటపెట్టకుండా, నాలుగు మాటలు మాట్లాడి లేచి వెళ్లిపోయేవారు.

నేనుండేది విస్కాన్సిన్‌లో. ప్యాకర్స్ గురించి ఏ అభిప్రాయమూ లేకుండా ఇక్కడ ఉద్యోగం చేసుకోవడం కష్టం. ఈ జట్టుకు యజమాని అంటూ ఒకరు లేరు. లాభం పంచని, అమ్ముకోవడానికి వీల్లేని వాటాలు లక్షల మంది సామాన్యుల చేతుల్లో ఉన్నాయి, ఆ వాటా పత్రాన్ని పటం కట్టించి గోడకు తగిలించుకున్నవాళ్లు మా ఆఫీసులోనూ ఉన్నారు. అందుకే ఇక్కడ జనరల్ మేనేజరు మీద విమర్శ అభిమాని చేసే విమర్శలా ఉండదు, జీతమిచ్చేవాడు అడిగే నిలదీతలా ఉంటుంది. థాంప్సన్ గురించి ఆ నిలదీత ఎప్పుడూ రెండు జాబితాలుగా సాగుతుంది. ఒకరు కలిసివచ్చిన ఎంపికలుగా ఆరన్ రోడ్జర్స్, జోర్డీ నెల్సన్, క్లే మాథ్యూస్, డేవిడ్ బఖ్తియారీ, దవాంటే ఆడమ్స్ అని చదువుతారు. రెండోవారు గురి తప్పిన ఎంపికలుగా జస్టిన్ హారెల్, జెరెల్ వర్తీ, డేటోన్ జోన్స్, డమారియస్ రాండల్ అని అప్పజెబుతారు. పేర్లు అయిపోగానే మాటా అయిపోతుంది. ఒక మనిషి పదమూడేళ్ల పనిని ఇలా తూకం వేయడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు. ఎందుకు తోచలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

అమెరికన్ ఫుట్‌బాల్ పరిచయం లేనివారి కోసం ముందుగా డ్రాఫ్ట్ గురించి కొంచెం చెప్పాలి. మనకు తెలిసిన ఐపీఎల్ వేలంలో ఒక ఆటగాడు కావాలనుకుంటే పక్క జట్టుకంటే ఎక్కువ పాడుకోవచ్చు. డ్రాఫ్ట్‌లో ఆ వీలు లేదు. కళాశాలల నుంచి వచ్చే కుర్రవాళ్లను 32 జట్లు వరసలో నిలబడి, ఒక్కో వంతుకు ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. కిందటి ఏడాది అందరికంటే అడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు, లీగ్ విజేతను తేల్చే చివరి ఆట సూపర్ బౌల్‌ను గెలిచిన జట్టుకు చివరి వంతు. ఇలా ఏడు రౌండ్లు, మొత్తం 250కి పైగా ఎంపికలు. డబ్బుతో వంతు కొనుక్కోలేరు కానీ వంతులను ఇచ్చిపుచ్చుకోవచ్చు. మూడు చిన్న వంతులిచ్చి ఒక పెద్ద వంతు తీసుకోవచ్చు, ఒక పెద్దదిచ్చి రెండు చిన్నవి తెచ్చుకోవచ్చు. ఏటా బాగా గెలిచే జట్టుకు ఏటా వెనక వంతులే దక్కుతాయి కాబట్టి, గెలుస్తూ ఉండటమే ఇక్కడ ఒక శిక్ష.

ఈ ఎంపికల్లో జట్లకు ఎంత తెలుసు? పరిశోధకులు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ ఈ ప్రశ్నను లెక్కలతో పరిశీలించారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరు కుర్రవాళ్లలో ముందు ఎంపికైనవాడు, అతని వెనకే ఎంపికైనవాడికంటే మెరుగ్గా తేలే అవకాశం 52 శాతమని వాళ్లు తేల్చారు. నాణెం ఎగరేస్తే వచ్చేదానికంటే రెండు పాళ్లు ఎక్కువ. వందలమంది స్కౌట్లు ఏడాది పొడవునా ఊళ్లు తిరిగి, వీడియోలు చూసి, కొలతలు తీసుకుని, ఆసుపత్రి కాగితాలు చదివి సాధించేది ఆ రెండు పాళ్లే. అయినా ప్రతి జట్టూ తన ఎంపిక మీద గుండె మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేస్తుంది, ఒక్క కుర్రవాడి కోసం చేతిలో ఉన్న వంతులన్నీ ధారపోస్తుంది.

థాంప్సన్ ఆ పరిశోధన చదివారో లేదో ఎవరికి ఎరుక? ఆయన నడవడిక మాత్రం దాన్ని బతుకులో నేర్చుకున్నవాడి నడవడిక. ఎందుకంటే ఆయననే ఎవరూ ఎంచుకోలేదు. సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో ఆడిన లైన్‌బ్యాకర్‌గా, అంటే డిఫెన్స్ ఆటగాడిగా, 1975లో డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ పిలవకపోతే, హ్యూస్టన్ ఆయిలర్స్‌లో చేరి అక్కడే పదేళ్లు నిలదొక్కుకున్నారు. 1992లో అప్పటి జనరల్ మేనేజరు రాన్ వుల్ఫ్ దగ్గర గ్రీన్ బేలో ఆటగాళ్ల ఎంపిక చూసే విభాగంలో చేరి, 2000లో కోచ్ మైక్ హోల్మ్‌గ్రెన్ వెంట సియాటిల్ వెళ్లి, 2005 జనవరిలో జనరల్ మేనేజరుగా తిరిగివచ్చారు.

ఆయన పద్ధతి ఏమిటో ఒక్క ఉదాహరణలో చూడవచ్చు. 2006 డ్రాఫ్ట్ రెండో రౌండులో ప్యాకర్స్‌కు 36వ వంతు ఉంది. చాడ్ జాక్సన్ అనే రిసీవర్, అంటే విసిరిన బంతిని అందుకునే ఆటగాడి మీద మనసుపడిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆ వంతు కోసం 52, 75 వంతులు ఇవ్వజూపింది. ప్యాకర్స్‌కూ ఆ రోజు రిసీవరే కావాలి. అయినా థాంప్సన్ వంతు ఇచ్చేసి పదహారు స్థానాలు వెనక్కి జరిగారు. జాక్సన్ న్యూ ఇంగ్లండ్‌లో రెండేళ్లకు మించి నిలవలేదు. 52వ వంతుకు థాంప్సన్ తీసుకున్న వెస్ట్రన్ మిషిగన్ కుర్రవాడు గ్రెగ్ జెన్నింగ్స్ అయిదేళ్ల తర్వాత సూపర్ బౌల్‌లో బంతిని అవతలి గీత దాటించి రెండు టచ్‌డౌన్లు చేశాడు. 75వ వంతుకు వచ్చిన జేసన్ స్పిట్జ్ కొన్నాళ్లు గార్డ్‌గా పనికొచ్చాడు. జాక్సన్ కంటే జెన్నింగ్స్ గొప్పవాడని థాంప్సన్ ముందే కనిపెట్టారని అభిమానులు కథలు చెప్పుకుంటారు. నేను అలా అనుకోను. కనిపెట్టి ఉంటే 36లోనే జెన్నింగ్స్‌ను తీసుకుని నిశ్చింతగా ఉండేవారు కదా! తనకు నచ్చినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారని, వాళ్లలో ఎవరు నిలుస్తారో తనకు తెలియదని, కాబట్టి ఒక అవకాశం కంటే రెండు మేలని మాత్రమే ఆయన లెక్క. 2008లోనూ ఇదే జరిగింది: మొదటి రౌండులోని 30వ వంతును న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చి, 36వ వంతుతోపాటు నాలుగో రౌండులో ఇంకొకటి తెచ్చుకుని, ఆ 36లో జోర్డీ నెల్సన్‌ను తీసుకున్నారు. రాండల్ కాబ్ 64వ వాడు, దవాంటే ఆడమ్స్ 53వ వాడు. నలుగురు రిసీవర్లూ రెండో రౌండువాళ్లే.

ఆయన ముందుకు దూకిన సందర్భాలు అరుదు. వాటిలో పెద్దది 2009లో క్లే మాథ్యూస్ కోసం పేట్రియట్స్‌కు ఒక రెండో రౌండు, రెండు మూడో రౌండు వంతులు ఇచ్చి 26వ వంతు తీసుకున్నది. ఇచ్చిన మూడో రౌండు వంతుల్లో ఒకటి అంతకుముందు ఏడాది, బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా ఏళ్ల తరబడి ఆడిన బ్రెట్ ఫార్వ్‌ను జెట్స్‌కు ఇచ్చినందుకు వచ్చింది. విస్కాన్సిన్‌లో ఇప్పటికీ ఈ ముక్కను తృప్తిగా చెప్పుకుంటారు, అప్పట్లో ఫార్వ్‌ను పంపినందుకు థాంప్సన్‌ను తిట్టినవాళ్లతో సహా.

ఫార్వ్ మాట వచ్చింది కాబట్టి రోడ్జర్స్ సంగతి. 2005 ఏప్రిల్‌లో, ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో, తన మొట్టమొదటి ఎంపికగా థాంప్సన్ ఒక క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్నారు. అప్పటికి ఫార్వ్ 1992 నుంచి ఒక్క ఆటకూ దూరం కాలేదు. ఆ రోజు మొదటి వంతుకే వెళ్తాడనుకున్న రోడ్జర్స్, ఆలెక్స్ స్మిత్‌ను శాన్ ఫ్రాన్సిస్కో తీసుకున్నాక, కెమెరాల ముందు గంటల తరబడి కూర్చుని 24వ వంతుదాకా ఆగాల్సివచ్చింది. కాళ్ల దగ్గరికి వచ్చి పడ్డ అదృష్టాన్ని ఎవరైనా తీసుకుంటారనడం తేలిక. తక్షణం పనికొచ్చే ఆటగాడిని వదిలి మూడేళ్లు బెంచీ మీద కూర్చునే కుర్రవాడిని తీసుకున్న కొత్త మేనేజరుకు ఆ ఏడాది 4 గెలుపులు, 12 ఓటములు మిగిలాయి. అసలు పరీక్ష 2008 వేసవిలో వచ్చింది. మార్చిలో రిటైరైన ఫార్వ్ జూలైలో మనసు మార్చుకున్నాడు. శిక్షణ శిబిరంలో రోడ్జర్స్‌ను సొంత అభిమానులే గేలి చేశారు. థాంప్సన్ వెనక్కి తగ్గలేదు. ఆ ఏడాది జట్టు 6 ఆటలే గెలిచింది, మరుసటి ఏడాది ఫార్వ్ మిన్నెసోటా తరఫున వచ్చి ప్యాకర్స్‌ను రెండుసార్లూ ఓడించాడు. అప్పుడు ఆయన మీద ఎన్ని మాటలు పడ్డాయో ఇప్పుడు రోడ్జర్స్ నాలుగుసార్లు అందుకున్న ఎంవీపీని, అంటే ఏడాది మేటి ఆటగాడి అవార్డును చూసేవారికి నమ్మబుద్ధి కాదు. ఎంపికలో మొదటి రోజు పని సగమే, మిగతా సగం ఆ ఎంపికకు పండే సమయం ఇవ్వడం. ఆ రెండో సగంలో ఆయనకు సాటి రాగలవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

అందరూ పట్టించుకోని చోట ఆయన మరింత బాగా వెతికారు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌మెన్ కోసం చాలా జట్లు మొదటి రౌండు ఖర్చుపెడతాయి. థాంప్సన్ బ్రయన్ బులాగా, డెరెక్ షెరాడ్ తప్ప ఆ పని చేయలేదు. జాష్ సిట్టన్ నాలుగో రౌండు, టీజే లాంగ్ నాలుగో రౌండు, బఖ్తియారీ నాలుగో రౌండు, కోరీ లిన్స్‌లీ అయిదో రౌండు. లాంగ్ 2009లో 109వ వంతుకు వచ్చాడు, బఖ్తియారీ 2013లో సరిగ్గా అదే 109వ వంతుకు. కళాశాలలో ఆ వరసకు చివర నిలిచే టాకిల్‌గా ఆడినవాళ్లను తెచ్చి, కాళ్ల కదలిక ఉంది కాబట్టి లోపలి స్థానాల్లోకి మార్చుకోవచ్చునని ఆయన ధీమా. ఈ ఒక్క విషయంలో మాత్రం అది అదృష్టమనడానికి నాకు నోరు రాదు. ఇన్నిసార్లు కలిసివచ్చేదాన్ని నేర్పు అనాల్సిందే.

అదృష్టం, దురదృష్టం ఇంకోచోట కనిపిస్తాయి. 2005లో రెండో రౌండులో ఆయన తీసుకున్న ఇద్దరిని చూడండి. రిసీవర్ టెరెన్స్ మర్ఫీ ఆ ఏడాది అక్టోబరులోనే కరోలినా పాంథర్స్‌తో ఆటలో మెడకు దెబ్బ తగిలి మళ్లీ ఆడలేదు. బెతూన్-కుక్‌మన్ అనే చిన్న కళాశాల నుంచి తెచ్చిన, డిఫెన్స్‌లో వెనక కాపుండే సేఫ్టీ నిక్ కాలిన్స్ దేశంలోనే మేటి సేఫ్టీలలో ఒకడయ్యాడు, సూపర్ బౌల్‌లో బంతిని చేజిక్కించుకుని టచ్‌డౌన్ చేశాడు, ఏడు నెలల తర్వాత 2011 సెప్టెంబరులో అదే కరోలినాతో ఆటలో మెడకే దెబ్బ తగిలి అతనూ మళ్లీ ఆడలేదు. 2013లో టైట్ ఎండ్ జెర్మైకల్ ఫిన్లీదీ మెడ దెబ్బే. షెరాడ్ మొదటి ఏడాదే కాలు విరగ్గొట్టుకున్నాడు. జాబితాలు అప్పజెప్పేవాళ్లు మర్ఫీని, షెరాడ్‌ను తప్పుడు ఎంపికల కింద రాసుకుంటారు, కాలిన్స్‌ను మంచి ఎంపికల కింద. ఎంచుకున్నవాడికి ఇందులో తెలిసినదేముంది? కాలిన్స్ పోయాక ఆ స్థానం ఏళ్ల తరబడి పూడలేదు; ప్యాకర్స్ డిఫెన్స్ ఆ గాయంతోనే జారడం మొదలైందని నా నమ్మకం.

2010 సీజను చివరి ఆటలను మళ్లీ చూస్తే ఆయన పని అంతా ఒకచోట కుప్పపోసినట్టు ఉంటుంది. గాయాలతో సగం జట్టు ఆసుపత్రిపాలైన ఏడాది అది. ఫిలడెల్ఫియాలో చివరి నిమిషంలో ప్రత్యర్థి విసిరిన బంతి పట్టి ఆట ముగించినవాడు ట్రమాన్ విలియమ్స్; డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని, హ్యూస్టన్ టెక్సన్స్ వద్దని పంపేసిన కుర్రవాడు. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలోనూ అతనే బంతి అందుకుని టచ్‌డౌన్ చేశాడు. చికాగోలో చివరి బంతి పట్టినవాడు శామ్ షీల్డ్స్. అతన్నీ ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, కళాశాల చివరి ఏడాదిదాకా రిసీవర్‌గా ఆడి, రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌గా మారినవాడు. 2011 ఫిబ్రవరి 6న పిట్స్‌బర్గ్ మీద 31-25తో గెలిచిన సూపర్ బౌల్‌లో ఛార్లెస్ వుడ్సన్ కాలర్‌బోన్ విరిగి మొదటి సగంలోనే బయటికి వెళ్లాడు. ఆయన థాంప్సన్ బయటినుంచి డబ్బిచ్చి తెచ్చుకున్న అతి కొద్దిమందిలో మేటి. మాథ్యూస్ దెబ్బకు జారిన బంతిని అందుకున్న డెస్మండ్ బిషప్ ఆరో రౌండువాడు, ఆ నెలంతా బంతి మోసిన జేమ్స్ స్టార్క్స్ ఆరో రౌండువాడు.

ఆ తర్వాత ఇంకో సూపర్ బౌల్ రాలేదు. ‘రోడ్జర్స్ లాంటివాడిని పెట్టుకుని ఒక్కటేనా?’ అన్న ప్రశ్న థాంప్సన్‌ను చివరిదాకా వెంటాడింది. దానికి మామూలుగా చెప్పే కారణం, ఆయన బయటి ఆటగాళ్లను కొనలేదని. 2007లో రాండీ మాస్‌ను తెమ్మని ఫార్వ్ బహిరంగంగానే కోరాడు. పేట్రియట్స్ ఒక నాలుగో రౌండు వంతుకు అతన్ని తీసుకుపోయింది, ఆ ఏడాది మాస్ 23 టచ్‌డౌన్లతో రికార్డు సృష్టించాడు, ప్యాకర్స్ సూపర్ బౌల్‌కు ఒక్క గెలుపు దూరంలో ఆగింది. ఈ ఉదాహరణ బలమైనదే. అయితే బయటినుంచి కొనకపోవడం వెనక ఒక లెక్క ఉంది. తన ఆటగాళ్లను పోగొట్టుకుని, బయటివాళ్లను తెచ్చుకోని జట్టుకు లీగ్ మరుసటి ఏడాది రౌండ్ల చివర అదనపు వంతులు ఇస్తుంది. 2011లో కలన్ జెంకిన్స్, డారిన్ కాలెడ్జ్ వెళ్లిపోయాక 2012లో నాలుగో రౌండు చివర వచ్చిన అలాంటి వంతుతోనే మైక్ డానియల్స్‌ను తీసుకున్నారు. జీతాల పరిమితి ఉన్న లీగ్‌లో, 30 ఏళ్లకు దగ్గరపడ్డవాడికి పెద్ద జీతమిచ్చే బదులు కుర్రవాడిని తక్కువకు తెచ్చుకోవడం తెలివైన పనే. జెన్నింగ్స్ 2013లో మిన్నెసోటాకు వెళ్లాక మునుపటి ఆట మళ్లీ ఆడలేదు. పోనిచ్చినందుకు ఎవరూ పశ్చాత్తాపపడలేదు.

నా ఫిర్యాదు ఇంకోచోట ఉంది. 2011లో డిఫెన్స్ ఇచ్చుకున్న యార్డుల లెక్కలో జట్టు లీగ్‌లో అట్టడుగున నిలిచింది. 2012లో మొదటి ఆరు ఎంపికలూ డిఫెన్స్‌కే పెట్టారు. వాళ్లలో 62వ వంతుకు వచ్చిన కార్నర్‌బ్యాక్ కేసీ హేవర్డ్ నాలుగేళ్లు ఆడి తానేమిటో చూపించాడు. 2016 మార్చిలో అతని ఒప్పందం ముగిసింది. అంతకుముందు ఏడాది మొదటి రెండు రౌండ్లలో డమారియస్ రాండల్‌ను, క్వింటన్ రాలిన్స్‌ను అదే పనికి తీసుకున్నారు కాబట్టి, హేవర్డ్‌ను శాన్ డియేగోకు పోనిచ్చారు. ఆ ఏడాదే అతను ప్రత్యర్థి విసిరిన బంతిని 7సార్లు చేజిక్కించుకుని లీగ్ మొత్తానికీ మొదటివాడయ్యాడు. గ్రీన్ బేలో షీల్డ్స్ మొదటి ఆటలోనే తలకు దెబ్బ తగిలి సీజనుకు దూరమయ్యాడు, రాండల్, రాలిన్స్ తడబడ్డారు, 2017 జనవరిలో అట్లాంటాతో, సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో జూలియో జోన్స్‌ను ఆపే పని డ్రాఫ్ట్ కాని లడారియస్ గంటర్ మీద పడింది. జోన్స్ 180 యార్డులు, 2 టచ్‌డౌన్లు చేశాడు. స్కోరు 44-21.

ఎవరు నిలుస్తారో ఎవరికీ తెలియదన్న ఎరుక మీద పదేళ్లపాటు జట్టును నడిపిన మనిషి, నిలిచి చూపించినవాడిని వదిలి ఇంకా తేలని ఇద్దరిని నమ్ముకోవడం నాకు కొరుకుడుపడదు. నాలుగేళ్లు మన కళ్లముందు ఆడినవాడి విషయంలో ఆ 52 శాతం అనుమానం తీరిపోయింది కదా, అలా తీరినందుకైనా కొంత ధర ఇవ్వాలి కదా. 2017లో మైకా హైడ్‌ను బఫెలోకు పోనిచ్చి ఇదే పని ఇంకోసారి చేశారు. అతనూ అక్కడికి వెళ్లిన ఏడాదే మేటి ఆటగాళ్లను పిలిచే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. బయటివాళ్లను కొనలేదన్న నింద కంటే, తాను వెతికి తెచ్చి పెంచినవాళ్ల విలువ తానే తక్కువ కట్టారన్నది పెద్ద నింద, నిజమైన నింద కూడా.

విస్కాన్సిన్ అభిమానులు మాత్రం హేవర్డ్ పేరు అంతగా ఎత్తరు. వాళ్ల కోపమంతా 2017 డ్రాఫ్ట్ మీద. ఆ ఏడాది 29వ వంతును థాంప్సన్ క్లీవ్‌లండ్‌కు ఇచ్చి 33, 108 వంతులు తెచ్చుకున్నారు. 30వ వంతుకు పిట్స్‌బర్గ్ టీజే వాట్‌ను తీసుకుంది. విస్కాన్సిన్‌లో పుట్టి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆడిన కుర్రవాడు, తర్వాత లీగ్‌లోనే మేటి డిఫెండర్లలో ఒకడు. 33వ వంతుకు ప్యాకర్స్ కార్నర్‌బ్యాక్ కెవిన్ కింగ్‌ను తీసుకుంది. 108లో తీసుకున్న విన్స్ బీగెల్ కూడా విస్కాన్సిన్ లైన్‌బ్యాకరే, వాట్‌తో కలిసి ఆడినవాడే. ఆ డ్రాఫ్ట్‌లోనే అయిదో రౌండులో 182వ వంతుకు ఆరన్ జోన్స్ వచ్చాడన్నది అంత తొందరగా ఎవరికీ గుర్తురాదు.

థాంప్సన్ పోయిన నాలుగు రోజులకు, 2021 జనవరి 24న, ల్యాంబో మైదానంలో ప్యాకర్స్ టాంపా బేతో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ ఆడింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న బ్రయన్ గుటెకున్స్ట్ అప్పటికి మూడేళ్లుగా జనరల్ మేనేజరు. అయినా రోడ్జర్స్, ఆడమ్స్, లిన్స్‌లీ, కెన్నీ క్లార్క్, ఆరన్ జోన్స్, కెవిన్ కింగ్ అందరూ థాంప్సన్ తెచ్చినవాళ్లే. బఖ్తియారీ మోకాలి దెబ్బతో బయట ఉన్నాడు. మొదటి సగం ముగియడానికి ఒక్క సెకను మిగిలి ఉండగా స్కాటీ మిల్లర్ కింగ్‌ను దాటి వెళ్లి టచ్‌డౌన్ చేశాడు. చివర్లో ప్యాకర్స్‌కు బంతి తిరిగి రావలసిన మూడో డౌన్‌లో కింగ్ ప్రత్యర్థి చొక్కా పట్టుకు లాగాడు, తప్పు జరిగిందని రిఫరీ జెండా పడింది, బంతి టాంపా బే దగ్గరే ఉండిపోయింది, 31-26తో ఆట పోయింది. మర్నాడు మా ఆఫీసులో అందరి నోటా వాట్ పేరే. నేను ఆ మాటకు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. నాలుగు స్థానాలు వెనక్కి జరిగి ఇంకో అవకాశం తెచ్చుకోవడం జెన్నింగ్స్‌నూ నెల్సన్‌నూ ఇచ్చిన పద్ధతే. ఈసారి కలిసిరాలేదు, అంతే. కానీ 2017లో మొట్టమొదటి ఎంపికను ఒక కార్నర్‌బ్యాక్ మీద పెట్టాల్సిన అవసరం ఎందుకు వచ్చిందని అడిగితే, జవాబు అంతకు 13 నెలల ముందే, హేవర్డ్ శాన్ డియేగోలో సంతకం పెట్టిన రోజున ఉంది.